దింపుడు కళ్లం దగ్గర కాల్‌మేన్

చచ్చిపోయిన మనిషిని పిలిచి లేపినవాడు మా బిలాస్‌పూర్‌లో ఒకడున్నాడు. పేరు సన్యాసిరావు. లింగియాడీహ్‌లో కొడుకు కట్టించిన రెండు గదుల ఇంట్లో ఇప్పటికీ ఉన్నాడు. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. అతను లేపిన మనిషి మాత్రం కనబడడు. ఎందుకంటే ఆయన్ని అదే సాయంత్రం అర్పా నది ఒడ్డున దహనం చేసేశాం.

లేచాడంటే లేచి కూర్చున్నాడని కాదు. ఆ మాట కొంచెం ఎక్కువే. కనురెప్ప కదిలింది. నేను పాడెని కాళ్లవైపు మోస్తున్నాను కాబట్టి కనురెప్ప నాకు కనబడే వీలే లేదని మా ఆవిడ అంటుంది. సరే, కనురెప్ప వదిలేద్దాం. ముఖం పక్కన తెల్లగుడ్డ అంచు కదిలింది. గాలికి కదిలిందనుకుంటే మీ ఇష్టం. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ చెప్పేది. ఈ కథ మొదటిసారి చెప్పిన రోజు ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను. మచ్చ లేదు.

సన్యాసిరావు మంత్రగాడు కాడు. రైల్వేలో కాల్‌మేన్. ఇళ్లల్లో ఫోన్లు లేని కాలంలో డ్రైవర్లకీ ఫైర్‌మెన్లకీ నాలాంటి గార్డులకీ ఏ వేళ బండెక్కాలో ముందుగా తెలిసేది కాదు. షెడ్‌లో బండి ఖాయం కాగానే కాల్‌మేన్ సైకిలెక్కి క్వార్టర్‌కి వచ్చి మనిషిని లేపాలి. లేపి వెళ్లిపోతే సరిపోదు. వాడు మళ్లీ దుప్పటి కప్పుకున్నాడంటే బండి ఆగిపోతుంది, నింద కాల్‌మేన్ మీద పడుతుంది. అందుకని లోపల్నుంచి జవాబు వచ్చేదాకా గుమ్మం వదలకూడదు. ఆ జవాబు చాలా ఇళ్లల్లో ఇల్లాలే చెప్పేది. "లేచారు, నువ్వెళ్లు." ఆ మాట చెవిన పడ్డాకే సన్యాసిరావు సైకిల్ స్టాండు తీసేవాడు.

మిగతా కాల్‌మేన్లు కర్రతో తలుపు బాదేవాళ్లు. సన్యాసిరావు కిటికీ దగ్గర నిలబడి వరస పెట్టి పిలిచేవాడు. మావా, బాబాయీ, అన్నా. బొబ్బిలి పక్కనుంచి మేనమామ వెంట వచ్చి పడ్డవాడికి లోకో కాలనీలో అంతమంది చుట్టాలు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే, "అరిచి లేపితే మనిషికి దడ బాబూ. దడతో ఇంజనెక్కితే ఏటవుద్ది?" అనేవాడు.

ఆ రోజుల్లో కాలనీలో సగం మనవాళ్లే. మేం ఇక్కడికి ఎలా వచ్చామో మా తాత ఒక కథ చెప్పేవాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దొరలకి ఇక్కడ జంక్షన్ పెట్టే ఉద్దేశమే లేదట. పలాసవైపు నుంచి తెచ్చిన గ్యాంగు కూలీలు పట్టాలు వేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చేసరికి వాళ్ల మూటల్లో ఎండుచేపలు అయిపోయాయట. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యమని కూర్చున్నారట. చేసేది లేక దొరలు అక్కడే స్టేషన్ కట్టారట. ఇది నేనే నమ్మను. కానీ బుధవారీ బజార్లో ఎండుచేపల గంపలు పెట్టుకుని "ఓలమ్మా, బేగి రా, అయిపోతన్నాయి" అని ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లని తెలుగులో పిలిచే అమ్మలని నేను కళ్లారా చూశాను. వాళ్లూ ఆ పిలుపు అర్థమై వచ్చేవాళ్లు.

ఇప్పుడు దింపుడు కళ్లం సంగతి చెప్పాలి. మా పిల్లలకి ఇదేమిటో తెలియదు. మనలో శవాన్ని మోసుకెళ్తూ సగం దారిలో ఒకసారి కిందికి దింపుతారు. దగ్గరివాడు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తాడని ఆశ. లేవడని అందరికీ తెలుసు. అయినా ఆ పిలుపు అయ్యేదాకా ఎవరూ గట్టిగా ఊపిరి తీయరు.

మా కాలనీ శవాలని దింపేది తోర్వా దారిలో రైల్వే గేటు పక్కన. ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవాళ్లు. డ్రైవర్ రమణమూర్తి పోయినప్పుడు ఆయనకి పిల్లల్లేరు. తమ్ముడు ఊరినుంచి రావాలి, బండి ఆలస్యం, ఎండలు మండుతున్నాయి, ఆపడానికి లేదు. గేటు దగ్గర దింపాక పిలిచేవాడెవరని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రమణమూర్తి భార్య మంగాయమ్మ దూరంగా ఆడవాళ్ల మధ్య నిలబడే చెప్పింది. "సన్నాసిని పిలవమనండి. రోజూ లేపినోడు ఆడే."

సన్యాసిరావు వెనకాల ఎక్కడో ఉన్నాడు. వచ్చి గొంతుక్కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగాడు. ఏ తమ్ముడిలాగో కొడుకులాగో పిలుస్తాడనుకున్నాం. అలవాటైన నోరు కదా, అలవాటైన మాటే వచ్చింది.

"మావా. రమణమూర్తి మావా. డ్యూటీ. కట్నీ గూడ్స్."

మూడుసార్లూ అదే. ఎవరూ నవ్వలేదు. పెద్దాయనెవరో "అయింది, ఇంక లెగు" అన్నాడు. సన్యాసిరావు లేవలేదు.

"జవాబు రానేదండి" అన్నాడు.

గేటుమేన్ కూడా జెండా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు మంగాయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన క్వార్టర్ లోపల్నుంచి రోజూ చెప్పినట్టే చెప్పింది.

"లేచారు. నువ్వెళ్లు."

సన్యాసిరావు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. గుడ్డ కదిలిందని నేను చెప్పేది అప్పుడే.

అది మొదలు. ఆ తర్వాత కాలనీలో తెలుగువాళ్లు ఎవరు పోయినా, కొడుకులున్నా తమ్ముళ్లున్నా, సన్యాసిరావు వచ్చి పిలవాల్సిందే. పిలిచాక ఆ ఇంటి ఆడమనిషి జవాబు చెప్పాల్సిందే. ఏ శాస్త్రంలోనూ లేదు. విజయనగరం నుంచి కర్మకి వచ్చిన ఒక పురోహితుడు ఇదేం ఆచారమని కోప్పడ్డాడు. ఇది బిలాస్‌పూర్ ఆచారం, మీ డివిజన్‌లో ఉండదు అని చెప్పి పంపించాం. అప్పలకొండ కొడుకు, కొత్తగా అసిస్టెంట్ డ్రైవరైన కుర్రాడు, కామెర్లతో పోయినప్పుడు సన్యాసిరావు "బాబూ, డ్యూటీ" అన్నాడు. తల్లి అప్పలకొండ జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. సన్యాసిరావు అంతసేపూ వంగే ఉన్నాడు. తొందర పెట్టలేదు.

తర్వాత మొబైళ్లు వచ్చాయి. డ్రైవర్లు హాజరు వేసుకునే లాబీలో కూర్చున్న గుమాస్తా మీట నొక్కితే డ్రైవరు జేబులో మోగేది. కాల్‌మేన్ పోస్టు తీసేశారు. సన్యాసిరావుని ఆఫీసులో ఫైళ్లు మోసే పని మీద వేశారు, అక్కడే రిటైరయ్యాడు. ఆ లోపల కాలనీ కూడా పలచబడిపోయింది. రిటైరైనవాళ్లు కొందరు శ్రీకాకుళంవైపు వెళ్లిపోయారు. కొందరు మంగ్లాలోనో లింగియాడీహ్‌లోనో ఇళ్లు కట్టుకుని చెదిరిపోయారు. పాత క్వార్టర్లు కూలగొట్టి అంతస్తులు లేపారు. కొత్తగా వచ్చినవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల వరసలు మాకు తెలియవు. మా పిల్లలు హిందీలో పోట్లాడుకుని హిందీలోనే రాజీపడతారు. ఇంతమందిమి ఒకేచోట తెలుగు మాట్లాడుకునేది ఎవరైనా పోయినప్పుడే.

ఆ పోయినచోట కూడా జవాబు చెప్పేవాళ్లు కరువయ్యారు. కోడలు బీహారు పిల్ల, ఏం చెప్పాలో తెలియదు. కూతురు ఏ పూణే నుంచో ఇంకా దారిలో ఉంటుంది. అలాంటప్పుడు సన్యాసిరావు భార్య అప్పలనర్సమ్మ ముందుకొచ్చేది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరు పోతే ఆ ఇంటి మనిషై, "లేచారు, నువ్వెళ్లు" అనేది. మొగుడు ఊరందరి కొడుకు, పెళ్లాం ఊరందరి ఇల్లాలు. ఇంటికొచ్చి ఇద్దరూ తలస్నానాలు చేసి, ఉన్నదేదో తినేవాళ్లు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం నేను వాళ్లింటి వరండాలో టీ తాగుతున్నాను. అప్పలనర్సమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అప్పటికే ఆయాసం మొదలైంది. నాలుగు కాయలు ఒలిచి ఆగేది.

"గార్డుబాబూ, నువ్వే సాచ్చికం. నేను పోతే ఈ మనిసి నన్ను పేరెట్టి పిలవాల" అంది.

"ఏటే ఆ మాటలు" అన్నాడు సన్యాసిరావు.

"అదిగో, ఏటే. ఇన్నేళ్ల కాపరం, నా పేరు ఏటే అనుకున్నారు చుట్టుపక్కలోళ్లు. రేషన్ కార్డు చూసి ఆ మిశ్రా గారమ్మ అడిగింది, మీ ఇంట్లో ఈ అప్పలనర్సమ్మ ఎవరూ అని."

"మరేటి చెప్పావు?"

"మా ఆయనకి తెలిసినామె కాదులే అన్నాను."

నేను నవ్వితే టీ ముక్కులోకి పోయింది. ఆమె నవ్వలేదు. కాయలు పక్కన పెట్టి మొగుడివైపు తిరిగింది.

"ఊరందర్నీ వరసెట్టి పిలిచినావు. నాకు వరసా నేదు, పేరూ నేదు. డ్యూటీ అన్నావంటే ఊరుకోను. నాకు డ్యూటీలు చాలు. పేరెట్టి పిలు. అప్పుడే కదుల్తాను. నేకపోతే ఆ గేటు కాడే ఉండిపోతాను."

"ముందు నేనే పోతాన్లే. నన్ను నువ్వు పిలువు."

"రోజూ పిలుస్తన్నది నేను కాదేటి? ఊరిని లేపడానికెళ్లే మారాజుని లేపింది ఎవరు?"

సన్యాసిరావు ఆ కాయలు తన ఒళ్లోకి లాక్కుని ఒలవడం మొదలుపెట్టాడు.

కిందటి చలికాలం ఆమె పోయింది. కొన్నాళ్లుగా రాత్రిళ్లు దగ్గుతో నిద్ర లేదు. ఆ రోజు తెల్లారాక దగ్గు తగ్గింది, హమ్మయ్య పడుకుంది అనుకున్నారు. కోడలు కాఫీ తీసుకెళ్లి చూసింది.

కొడుకు రాంప్రసాద్ షెడ్‌లో ఫిట్టరు. తల్లంటే ప్రాణం, కానీ పనులు చకచకా చేసే మనిషి. మధ్యాహ్నానికల్లా శవవాహనం వచ్చింది. భుజాల మీద మోయాలంటే మోసేవాళ్లేరీ? నేను కర్ర పట్టుకుని నడుస్తున్నాను. రాంప్రసాద్ కాక మాలో కాస్త గట్టిగా ఉన్నది వ్యాన్ డ్రైవరొక్కడే, అతను తఖత్‌పూర్ కుర్రాడు. రాంప్రసాద్ కూతురు జ్యోతిర్మయి కూడా వ్యానెక్కింది. ఆడపిల్ల ఘాట్‌దాకా రాకూడదని చెప్పేవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు.

"గేటు కాడ ఆపమను" అన్నాడు సన్యాసిరావు.

"గేటెక్కడుంది నాన్నా? పుల్ కట్టి ఎన్నేళ్లయింది."

"పుల్ కింద ఆపమను."

డ్రైవరు వెనక్కి తిరిగి, "బాబూజీ, యహాఁ రుక్నే నహీఁ దేంగే" అన్నాడు, ఇక్కడ ఆగనివ్వరని. మళ్లీ ముసలాయన మొహం చూసి ఆపాడు.

ఒకప్పుడు గేటుమేన్ గది ఉన్నచోట ఇప్పుడు వంతెన కింద ఆటోలు నిలబడతాయి. పక్కన జామకాయల బండి. ఆ బండికీ వంతెన స్తంభానికీ మధ్య అప్పలనర్సమ్మని దింపాం. సన్యాసిరావు ఒక చెయ్యి నా భుజం మీద వేసి నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. వంగాడు. మేం ఆగాం.

అతను ఆమె మొహంకేసి చూస్తున్నాడు.

"నాన్నా, పిలు" అన్నాడు రాంప్రసాద్.

"పడుకుంది. రాత్రంతా దగ్గింది. ఇప్పుడే కునుకట్టింది" అన్నాడు సన్యాసిరావు. తర్వాత మా అందరివైపూ చూసి, చాలా మర్యాదగా, "లేపీకండి" అన్నాడు.

అప్పటిదాకా వ్యానూ కట్టెలూ నెయ్యీ అంటూ తిరిగిన రాంప్రసాద్ వంతెన స్తంభానికి నుదురు ఆనించి ఏడ్చాడు. వెనకాల ఒక ఆటోవాడు హారన్ కొట్టాడు. జామకాయల ఆవిడ వాణ్ణి కసిరింది.

నేను వంగి, "సన్యాసీ, ఆవిడ అడిగింది" అన్నాను.

"తెలుసు గార్డుబాబూ."

"పేరు పెట్టి పిలవమంది."

"తెలుసునంటన్నాను కదా."

అప్పుడు పిలిచాడు. "అప్పలనర్సమ్మా." ఊళ్లో ప్రతి ఇంటి కిటికీ దగ్గరా అలవోకగా పిలిచిన మనిషి, ఆ ఒక్క పేరుని తెలియని ఊరి దారి అడుగుతున్నట్టు పలికాడు. రెండోసారి కొంచెం నయం. మూడోసారి మామూలుగా, అరవకుండా, దడ పుట్టకుండా.

డ్యూటీ అనలేదు.

"అయింది నాన్నా, లే" అని రాంప్రసాద్ చెయ్యందించాడు. అతను అందుకోలేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. డ్రైవరు ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. దూరంగా ట్రాఫిక్ కానిస్టేబుల్ మావైపు రావడం మొదలుపెట్టాడు. పెద్దాయనకి ఏదో అయిందని రాంప్రసాద్ కంగారుపడ్డాడు. "అంకుల్, నాన్నకి ఏటయింది? ఎందుకు లేవట్లేదు?"

ఎందుకో నాకు తెలుసు. జవాబు రాలేదు. వచ్చే దారీ లేదు. జవాబు చెప్పేవాళ్లు లేని ఇళ్లన్నిటికీ చెప్పిన మనిషే అక్కడ పడుకుని ఉంది. నేను చెప్పొచ్చు. కానీ ఆ మాట ఆ ఇంట్లోంచి రావాలి.

జ్యోతిర్మయి వ్యాన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. వెళ్లి హిందీలో చెప్పాను, తాత దగ్గరికెళ్లి 'లేచింది, నువ్వెళ్లు' అనమని.

"లేకిన్ మామ్మ తో నహీఁ ఉఠీ" అంది, మామ్మ లేవలేదు కదా అని.

"తెలుసమ్మా."

"దాదాకీ తెలుసు కదా?"

"తెలుసు."

"ఫిర్ క్యోఁ?"

ఎందుకో నాకు చెప్పడం రాలేదు. జీవితమంతా అడ్డమైన అబద్ధాలూ చెప్పి అందర్నీ నమ్మించినవాణ్ణి, ఆ పిల్లకి ఒక్క మాట చెప్పలేకపోయాను. "వెళ్లమ్మా" అన్నాను, అంతే.

వెళ్లింది. తాత పక్కన నేలమీద కూర్చుంది. చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. అది నేను చెప్పలేదు, ఎప్పుడో మామ్మని చూసి ఉండాలి.

"లేచింది తాతా. నువ్వెల్లు."

సన్యాసిరావు తల తిప్పి ఆ పిల్లని చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "పదండి" అన్నాడు.

ఆ రోజు గుడ్డ కదిలిందా అని మీరు అడుగుతారు. కదల్లేదు. నేను తలవైపే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. గాలి కూడా లేదు.

ఇదంతా రాశాక మొన్న లింగియాడీహ్ వెళ్లి అతనికి చదివి వినిపించాను. వరండాలో ఎండ మొహాన పడుతున్నా జరగలేదు, కళ్లు మూసుకుని విన్నాడు. రమణమూర్తి దగ్గర ఒకసారి "అచ్ఛా" అన్నాడు. జ్యోతిర్మయి మాట దగ్గర ఆగాను. నీళ్లు తాగి పూర్తిచేశాను.

"అయిపోనాదా?" అన్నాడు.

"అయింది."

"అంతా అబద్ధం."

"ఏది అబద్ధం? గుడ్డ కదలడమా? అది నేనే ఒప్పుకున్నాను కదా."

"గుడ్డొక్కటే కాదు గార్డుబాబూ. రమణమూర్తి మావకి ఆళ్ల తమ్ముడొచ్చి పిలిచినాడు. నేను బుధవారీలో ఉన్నాను ఆయేళ. ఏ శవం చెవిలోనూ నేను నోరెట్టనేదు."

"మరి అప్పలనర్సమ్మది? పుల్ కింద ఆపలేదూ?"

"ఆపనేదు. తిన్నగా ఘాట్‌కి ఎల్లిపోనాం."

"నా భుజం మీద చెయ్యేసి కూర్చున్నావు సన్యాసీ."

"నా మోకాళ్లు చూసినావా? నేను కూకోగలనేటి?"

"కాలనీ అంతా ఏళ్ల తరబడి చూసిందయ్యా."

"ఏరీ?" అని అతను కళ్లు తెరిచి గేటు బయటికి చూశాడు. అక్కడ ఎవరో కుర్రాడు మోటార్ సైకిల్ తుడుచుకుంటున్నాడు. "ఎవుడూ చూడనేదు. నేనెవుర్నీ పిలవనేదు, నాకెవురూ జవాబు చెప్పనేదు. ఏటీ జరగనేదు."